రెండో రిమోట్ – తొమ్మిదో భాగం: కాకి ముట్టని ఎడ

పోయిన వారం శివకృష్ణను పెనుకొండ స్టేషన్‌లో సిమెంటు బెంచీ మీద వదిలేసి వచ్చాం. ధర్మవరంలో తిరుపాల్‌కు బాగా లేదని, ఊపిరి అందడం లేదని తెలిసి హిందూపురంలో రైలెక్కినవాడు, పెనుకొండ రాగానే ఫోన్‌లో "అయిపోయింది" అన్న మాట విని దిగిపోయాడు. ధర్మవరం ఇంక ఎంతో దూరం లేదు. కడసారి చూపుకు కావలసినంత పొద్దుంది. అయినా ఎదురు వచ్చిన రైలెక్కి వెనక్కి పోయాడు. "ఇంక నీ మొహం చూడను" అని ఇరవై ఏళ్ళ కిందట హిందూపురం నడిబజారులో తిరుపాల్‌తో అన్న మాటను అంత గట్టిగా నిలబెట్టుకున్నాడు. మంచి మాటలు నిలబెట్టుకోవడం మనకు చేతకాదు గానీ, ఇట్లాంటివైతే ప్రాణం పోయినా తప్పం.

ఈ రోజు తిరుపాల్ పెద్దదినం, పెద్దకర్మ చేసే రోజు. శివకృష్ణ మళ్ళీ అదే రైలెక్కాడు. ఒళ్ళో గుడ్డసంచి, సంచిలో ఎక్కడో వెతికి కొన్న బూడిదరంగు పాత ప్లేస్టేషన్, దాని రెండు రిమోట్లు. పెనుకొండ వచ్చింది. కొండ మీద కోటగోడ కనబడింది. పోయినసారి తాను కూర్చున్న బెంచీ మీద ఎవరో ముసలాయన సీతాఫలాల బుట్ట పెట్టుకుని కునుకుతున్నాడు. శివకృష్ణ కిటికీ కమ్మీని రెండు చేతులతో పట్టుకుని, రైలు కదిలేవరకు కళ్ళు మూసుకునే ఉన్నాడు.

కొత్తగా చదువుతున్నవాళ్ళకు నాలుగు మాటలు చెప్పాలి. వీళ్ళిద్దరూ ఇదే పెనుకొండలో ఇంటర్ చదివారు. ఒకడు హిందూపురం పిల్లవాడు, ఒకడు ధర్మవరం మగ్గాలవాళ్ళ పిల్లవాడు. ఒకే బాడుగ గది. గదిలో ఒక చిన్న టీవీ, దానికి తగిలించిన టీవీ గేమ్. దాని మీద ఏ కంపెనీ పేరూ సరిగా ఉండేది కాదు. ఆట రాకపోతే పసుపుపచ్చ క్యాసెట్ బయటికి తీసి, ఉఫ్ అని ఊది మళ్ళీ గుచ్చాలి. ఇప్పటివాళ్ళు కంట్రోలర్ అంటారు, మనకు అప్పుడూ ఇప్పుడూ అది రిమోటే. మొదటి రిమోట్‌కు స్టార్ట్ బటన్ ఉంటుంది. రెండోదానికి ఉండదు. ఆట మొదలుపెట్టాలన్నా, మధ్యలో నిలపాలన్నా మొదటి రిమోట్ పట్టుకున్నవాడే నొక్కాలి. టీవీ తిరుపాల్‌ది కాబట్టి మొదటి రిమోటూ తిరుపాల్‌దే. శివకృష్ణకు ఒంటికి వచ్చినా "రేయ్, రవంత ఆపురా" అని అడుక్కోవాల్సిందే. "ఆపను పోరా" అనేవాడు తిరుపాల్. అంటూనే ఆపేవాడు.

చదువు ఒక దారికి వచ్చాక ఇద్దరూ కలిసి హిందూపురంలో గేముల అంగడి పెట్టారు. అక్కడ మొదలైంది భారతం. శివకృష్ణ బెంగుళూరు పోయి సెగా అనే క్యాసెట్ల గేమ్ మిషన్ తెచ్చాడు. తిరుపాల్ సీడీలతో ఆడే ప్లేస్టేషన్ తెచ్చాడు. క్యాసెట్ పెడితే పెట్టినట్లే ఆట వస్తుందని శివకృష్ణ. సీడీ బొమ్మల ముందర నీ క్యాసెట్ బొమ్మలు అరుగు మీద వేసిన సున్నపు గీతలురా అని తిరుపాల్. సీడీకి గీత పడితే ఏం చేస్తావని ఇతను, ఊదీ ఊదీ నీకే ఆయాసం పడుతుందని అతను. అంతకు చాలా ముందే దూరదేశాల్లో జనం సెగానా, నింటెండోనా అని జుట్లు పట్టుకున్నారట. వాళ్ళ తగువు చల్లారి ఎవరిళ్ళకు వాళ్ళు పోయిన తర్వాత ఆ జబ్బు మన హిందూపురానికి వచ్చింది. ఒక అంగడి రెండైంది. రోడ్డుకు ఈ పక్క సెగా, ఆ పక్క ప్లేస్టేషన్. ఇంతలో సెగావాళ్ళు ఇక మిషన్లు చెయ్యబోమని మానుకున్నారు. పిల్లలంతా రోడ్డు దాటి ఆ పక్కకు పోయారు. శివకృష్ణ నడిబజారులో నిలబడి ఆ మాట అన్నది అప్పుడే.

తర్వాత జరిగింది ఎవరికీ అర్థం కాలేదు. గెలిచిన తిరుపాల్, పిల్లలతో కిటకిటలాడుతున్న అంగడికి షట్టర్ దించి, ధర్మవరం పోయి, వాళ్ళ నాయన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ షట్టర్ మళ్ళీ లేవలేదు. శివకృష్ణ ఇప్పుడు అదే రోడ్డులో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. తల ఎత్తితే ఎదురుగా ఆ తుప్పుపట్టిన షట్టరే. అతని అంగడి ముందు ఈ కాలం పిల్లలు ఎక్స్‌బాక్స్ గొప్పదా, ప్లేస్టేషన్ గొప్పదా అని వాదం వేసుకుంటే, చేతిలో పని పక్కన పడేసి మరీ ప్లేస్టేషన్ పక్షం మాట్లాడతాడు. అవన్నీ తిరుపాల్ మాటలే. సెగా పేరు పొరపాటున కూడా ఎత్తడు. ఓడినవాడు గెలిచినవాడి మాటలు ఇన్నేళ్ళు ఎందుకు మోస్తున్నాడో అతనికే తెలియదు.

ధర్మవరంలో దిగి ఇంటికి పోయేసరికి తాళం. అందరూ సమాధి దగ్గరికి పోయారని పక్కింటివాళ్ళు చెప్పారు. శివకృష్ణ సంచి భుజాన వేసుకుని ఊరి బయటికి నడిచాడు.

సమాధి మన్ను ఇంకా కొత్తగానే ఉంది. తలవైపు అరటాకు పరిచి ఎడ పెట్టారు. పోయినవాడికి ఏవేవి ఇష్టమో అవన్నీ వండి ఆకులో పెట్టి, కాకి వచ్చి ముట్టేవరకు ఎదురుచూస్తారు. కాకి ముడితే పోయినవాడు తృప్తిపడినట్లు. అంతవరకు ఇంట్లో ఎవరూ అన్నం ముట్టకూడదు. ఆకులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు, ఓళిగలు, సంకటి ముద్ద, పొట్టేలు కూర ఉన్నాయి. పక్కన గ్లాసులో టీ. అంచున ఒక బీడీ కట్ట కూడా పెట్టారు పాపం, ఊపిరితిత్తులు పోయి చచ్చినవాడికి. సీమతుమ్మ కొమ్మ మీద కాకులు బారుగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగడం లేదు.

శివకృష్ణను మొదట చూసింది నరసింహులు. తిరుపాల్‌కు మేనమామ. హిందూపురంలోనే ఉంటాడు, కానీ శివకృష్ణ ఎదురైతే రోడ్డు దాటి ఆ పక్కన నడుస్తాడు.

"ఏమప్పా, యాడికొచ్చినావు?" అన్నాడు. "మొహం చూసేకా? మొహం లేదు ఇంక. మన్నుండాది."

"ఆ మన్నే చూసేకి వచ్చినా మామా," అన్నాడు శివకృష్ణ.

"ఆ పొద్దే వచ్చుంటే..." అని నరసింహులు ఇంకేదో అనబోయాడు.

"గమ్మునుండు నర్సిమ్మా," అంది యల్లక్క. తిరుపాల్ తల్లి. నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది, ఆమె కళ్ళు ఏడ్చి ఏడ్చి పచ్చిపుండ్లయి ఉన్నాయి. "రారా శివా. ఈడ కూచో. పెనుకొండలో మీ ఇద్దరికీ కట్టి పంపిస్తాంటినే, ఆ ఉగ్గానే చేసినా. వాడు తినేకి దిగి రావడం లేదు."

అతను ఆమె పక్కన కూర్చున్నాడు. ఎదురుగా తిరుపాల్ భార్య ప్రమోద. పెళ్ళి ఈ గొడవలన్నీ అయ్యాక జరిగింది కాబట్టి ఆమె అతన్ని చూడడం ఇదే మొదలు. పక్కన ఒక వెదురు బుట్ట. ఎడమచెయ్యి పిడికిలి బిగించి ఒళ్ళో పెట్టుకుంది. అతన్ని తలనుంచి కాళ్ళవరకు ఒకసారి చూసి మళ్ళీ కాకుల వైపు తిరిగింది.

ఎండ ముదిరింది. ఏదో కోరిక ఉండిపోయిందని బంధువులు గొణుక్కుంటున్నారు. అట్లా ఉండిపోయినప్పుడు ఒక్కొక్కరూ ముందుకు వచ్చి పోయినవాడికి మాట ఇవ్వాలి. నరసింహులు లేచి, "రేయ్, మీయమ్మను నేను చూసుకుంటా, నువ్వు నిమ్మళంగా పో," అన్నాడు. కాకులు కదల్లేదు. ప్రమోద లేచి, "మగ్గం ఆపను. నేనే నేస్తా," అంది. ఒక కాకి రెక్క గోక్కుంది, అంతే.

అప్పుడు శివకృష్ణ సంచిలోంచి ప్లేస్టేషన్ తీసి, పైచొక్కాతో తుడిచి, ఆకు పక్కన పెట్టాడు. రెండు రిమోట్ల వైర్లు విప్పి చెరొక పక్కా సర్దాడు.

"ఇదెందుకన్నా ఈడ?" అంది ప్రమోద.

"వానికి ప్రాణం గదమ్మా ఇది."

"ఆయనకా?" ఆమె చిత్రంగా చూసింది. "దీన్ని చూస్తేనే ఆయనకు మంట. సీడీ మిషనూ ఒక మిషనేనా, గీత పడితే గంగలో కలిసె అంటాండె. ఏదన్నా ఉంటే సెగానే, దాని ముందర ఇంకేదీ నిలబడదు అంటాండె."

తన మీద ఎగతాళి అనుకున్నాడు శివకృష్ణ. మొహం ఎర్రబడింది. "సెగా అన్నది వాడు కాదమ్మా. నేను. నీకెవరో తిరగేసి చెప్పినారు."

"ఎవరో చెప్పేదేముంది? నేను ఆయనతో కాపురం చేస్తి గదా!"

పక్కమగ్గం ఓబన్న ముందుకు వచ్చాడు. "ఆయమ్మ చెప్పేది నిజమే అప్పా. మా వీధిలో పిల్లోళ్ళు ప్లేస్టేషన్ ఫైవా, ఎక్స్‌బాక్సా అని కొట్లాడుకుంటాంటే మావాడు మగ్గం దిగొస్తాండె. 'రేయ్, లోడింగు లోడింగు అని మీకు సగం వయసు దానికే పాయె. క్యాసెట్టు పెడితే పెట్టినట్లే ఆట! మీ నాయన కాలానికి ఉండె ఆ మర్యాద' అని గలాటా పెట్టి పోతాండె. వాళ్ళు నవ్వినా ఇడిచిపెట్టడు."

పెడితే పెట్టినట్లే ఆట. ఆ ముక్క ఎవరిదో శివకృష్ణకు తెలుసు. హిందూపురం అంగడిలో ప్రతి పిల్లవాడి చెవిలో అతను పోసిన ముక్క అది.

"అది నా మాట," అన్నాడు.

"నీదో నాదో, ముందర దాన్ని తియ్యి," అన్నాడు నరసింహులు. "పడని వస్తువు పెడితే కాకి ఎట్లొస్తాది?"

"ప్లేస్టేషన్ వానిది మామా! సెగా నాది!"

"ఇన్నేండ్లు యాడుంటివని వానిది ఏదో నువ్వు చెప్తాండావు?"

"నువ్వు ఆ అంగడి చూడలేదా? రోడ్డుకు ఆ పక్క ఏం పెట్టినాడు వాడు? సెగా పెట్టినాడా?"

"ముందేం పెట్టినాడో నాకెందుకప్పా. కడాకు ఏం చెప్పినాడో అది."

అట్లా, సమాధి ముందర, ఆకలితో కడుపులు కాలుతున్న చుట్టాల నడుమ, సెగానా ప్లేస్టేషనా అన్న తగువు ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ లేచింది. ఆ రెండింటిలో దేన్నీ ముట్టి ఎరగనివాళ్ళు కూడా చెరొక పక్కా చేరారు. వరసకు అవ్వ అయ్యే ముసలామె ఒకామె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏందే వాడు కోరింది, సెగనా? ఈ ఎండ సెగ చాలకపోయెనా వానికి? కుంపటి తెచ్చి పెట్టండి మరి," అంది. ఎవరో నిజంగానే నిప్పులకోసం ఇంటికి పోబోయారు. నవ్వు వస్తే నవ్వండి. అక్కడ యల్లక్క కూడా ఒక క్షణం నవ్వింది, నవ్వి, కొడుకు నవ్వలేడని గుర్తొచ్చి నోట్లో కొంగు కుక్కుకుంది.

ప్రమోద ఇంక వాదించలేదు. వెదురు బుట్ట దగ్గరికి లాక్కుని, అందులోంచి ఒక మూట తీసింది. నేసేటప్పుడు చెడిపోయి మిగిలిన పట్టుగుడ్డలో చుట్టి ఉంది. పెట్టాలా వద్దా అని పొద్దుటినుంచీ ఆలోచిస్తూ ఉన్నానని, ఎవరన్నా నవ్వుతారని బయటికి తియ్యలేదని చెప్పి, కుడిచేత్తోనే గుడ్డ విప్పింది.

నల్లటి సెగా.

శివకృష్ణ మోకాళ్ళ మీదే పాకి దాని దగ్గరికి పోయాడు. దాన్ని బోర్లా తిప్పాడు. అడుగున ఒక మూల, టంకం కడ్డీ కాల్చి ప్లాస్టిక్ మీద రాసిన 'శి' అక్షరం. అంగడి పెట్టిన కొత్తలో అతనే రాసుకున్నాడు. పిల్లలంతా రోడ్డు దాటిపోయిన రోజుల్లో, కంటికి కనబడకూడదని గుజిరీ సామాను కొనేవాడి బండిలో అతనే విసిరేశాడు. ఇనుముకింద పగలగొట్టి ఉంటారనుకున్నాడు ఇంతకాలం.

"ఇది... మీకెట్ల వచ్చె?"

"ఆయన అంగడి మూసి వచ్చిన రోజు చేతిలో ఇదొక్కటే ఉండెనంట. అత్త చెప్పింది," అంది ప్రమోద. "గుజిరీవాని బండి ఎనకాల పోయి తెచ్చుకున్నాడంట. పండగ పండగకూ తీసి తుడుస్తాండె. టీవీకి తగిలించి, ఒక రిమోటు చేతిలో పట్టుకొని, ఇంకోటి ఎదురుగా చాప మీద పెట్టుకుంటాండె. నేను పడతా ఇయ్యి అంటే ఇయ్యడు. 'అది ఒకరిదిలే' అంటాడు. పెండ్లయిన కొత్తలో ఎవరో ఆడమనిషిదేమో అని నేను అన్నం మానుకుంటి."

ఆమె ఖాళీ అయిన పట్టుగుడ్డను బుట్టలో వేసింది.

"ఒకసారి గట్టిగా అడిగితి. దీని మీద నీకింత పట్టు ఏంది, దీన్ని చేసినోళ్ళే మానుకున్నారంటివి గదా, ఊరంతా నవ్వినా దీని పక్కే యాల మాట్లాడతావు అని. 'దాని పక్క మాట్లాడేవాడు ఈడ లేడు గదే. వాడొచ్చేవరకు నేను మాట్లాడతాండా' అనె. నాకేమీ అర్థం కాలేదన్నా. నీకేమన్నా అర్థమయిందా?"

శివకృష్ణకు అర్థమైంది. అంత బాగా అర్థం కాకపోయినా బాగుండేది. హిందూపురంలో తాను తిరుపాల్ మాటలు మోస్తుంటే, ధర్మవరంలో తిరుపాల్ తన మాటలు మోశాడు. రెండూళ్ళ మధ్య రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి పోయి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఒక్కసారి, ఒక్కరోజు ఎవరో ఒకరు ఎక్కి ఉంటే సరిపోయేది. ఎక్కిన ఒక్క రోజూ తాను పెనుకొండలో దిగిపోయాడు.

సెగానూ ప్లేస్టేషన్‌నూ పక్కపక్కన పెట్టారు. ఇంక దేనికీ లోటు లేదు. అయినా కాకులు దిగలేదు.

"నువ్వు ఏదో ఒకటి చెప్పాల శివా," అంది యల్లక్క. "ఇంక మిగిలింది నువ్వే."

అతను సమాధి ముందర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇన్నేళ్ళూ నోట రాని మాట చెప్పాడు.

"తిరుపాలా, నీదే గెలుపప్పా. ప్లేస్టేషనే గొప్పది. సెగా ఓడిపాయె. అందరి ముందరా ఒప్పుకుంటాండా. నేనన్న మాట తప్పు. నన్ను క్షమించు."

చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కులు తుడుచుకున్నారు. నరసింహులు కూడా తల దించుకున్నాడు. అందరూ కొమ్మ వైపు చూశారు. కాకులు ఒక్కసారిగా లేచి, ఇంకా వెనక ఉన్న చెట్టు మీదికి పోయి కూర్చున్నాయి.

ఎంత ఘోరం. చచ్చి కూడా వాడు తనను ఒల్లడం లేదనుకున్నాడు శివకృష్ణ.

"వాని జతలో నువ్వు ఎప్పుడన్నా ఇట్ల మాట్లాడినావారా?" అంది యల్లక్క నెమ్మదిగా. "ఎవరో పరాయోడు వచ్చి మాట్లాడినట్లుండాది. వానికెట్ల తెలుస్తాది వచ్చింది నువ్వని?"

అతను ఆమె వైపు చూశాడు. తర్వాత సమాధి వైపు చూశాడు. ఈసారి వచ్చింది వేరే గొంతు. పెనుకొండ గదిలో ఉండిన గొంతు.

"ఒరేయ్ తిరుపాలా."

ఓబన్న ఉలిక్కిపడ్డాడు.

"ఒరేయ్ దొంగనాయాలా. నువ్వు గెలిచినావా? నువ్వెట్ల గెలుస్తావురా? నీ ప్లేస్టేషన్ ముందర ఎంతసేపు కూచున్నామురా లోడింగు లోడింగు అని? నీ సీడీలు కొబ్బరినూనె పూసి తుడిచింది ఎవర్రా, నేను కాదా? నా సెగా ఏ పొద్దన్నా మొరాయించిందా? చెప్పు! మెమరీ కార్డు లేకుంటే ఆడిన ఆటంతా గాలికి పోయే మిషను నీది. అదీ ఒక మిషనేనా? సెగానేరా గొప్పది. అప్పుడూ సెగానే, ఇప్పుడూ సెగానే! నీకు తెలుసు గాబట్టే గుజిరీ బండి ఎనకాల పరిగెత్తితివి. తెలిసి గూడ నా ముందర ఒప్పుకోకపోతివి. వచ్చి చెప్పుంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాండెనా?"

అతను అరుస్తున్నాడు. చెయ్యి ఊపుతున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు గడ్డం మీదికి కారుతున్నాయి, అది కూడా తెలియడం లేదు. దినానికి వచ్చిన జనం బిత్తరపోయి చూస్తున్నారు. సమాధిని తిట్టేవాణ్ణి వాళ్ళు ఎప్పుడూ చూసి ఉండరు.

"ఎప్పుడూ నాకు రెండో రిమోటే ఇస్తివి. స్టార్టు బటను లేనిది. ఆట ఆపాలంటే నిన్ను అడగాల, రవంత ఆపురా అని బతిమలాడాల. బతిమలాడితినా లేదా? ఒక్కనాడన్నా నిన్ను అడగకుండా ఆట ఇడిసి లేచినానా? మరి నువ్వు..." మోకాళ్ళ మీద పడ్డాడు. "నువ్వు నన్నొక మాట అడగకుండా యాలరా ఆపేస్తివి?"

మొహం మట్టిలో పెట్టేశాడు. తడిసిన మన్ను నొసటికి అంటుకుంది. మొహం చూడనన్నవాడికి చూడడానికి అదే మిగిలింది. అందుకే పైనుంచి రెక్కల చప్పుడు వచ్చినప్పుడు అందరూ చూశారు, అతనొక్కడే చూడలేదు.

కాకి సెగా మీద వాలింది. అక్కడినుంచి ప్లేస్టేషన్ మీదికి గెంతింది. రెండింటి మీదా నిలబడి అటూ ఇటూ మెడ తిప్పి, ఆకులోకి దిగి, మిరపకాయ బజ్జీని ముక్కున కరిచి ఎగిరిపోయింది. దాని వెనక మిగతావన్నీ దిగాయి.

"ముట్టె! ముట్టె!" అన్నారు జనం. యల్లక్క రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "తినినాడు నా బిడ్డ," అని ఆకాశం వైపు చూస్తూ గట్టిగా ఏడ్చింది.

చుట్టాలంతా అన్నాలకు ఇంటిదారి పట్టారు. ఓబన్న యల్లక్కను చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయాడు. సమాధి దగ్గర నరసింహులు, ప్రమోద, శివకృష్ణ మిగిలారు. నరసింహులు వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఇన్నేళ్ళలో ముట్టుకోవడం అదే మొదలు.

"లెయ్ అప్పా. ఆయమ్మి నీకేదో చెప్పాలంట."

శివకృష్ణ లేచాడు. ప్రమోద పొద్దుటినుంచీ బిగించి పెట్టుకున్న ఎడమచెయ్యి పిడికిలి మెల్లగా విప్పింది. అరచేతిలో తాళంచెవి అచ్చు ఎర్రగా పడి ఉంది. దాని మీద తాళంచెవి.

"హిందూపురం అంగడిది," అంది.

"ఏ అంగడి?"

"నీ అంగడికి ఎదురుది," అన్నాడు నరసింహులు. "ఆ గది నాదే గదా. ఎవరికీ బాడుగకు ఇయ్యొద్దు మామా అని వాడంటే ఇయ్యలేదు. యాడాదికొకసారి వాడొచ్చి, ఎనక తలుపులో పోయి, ఒక పూట లోపల ఉండి పోతాండె. నన్ను గూడ రానియ్యడు. ఏం చేస్తాండెనో, ఏం పెట్టినాడో దేవునికెరుక."

ప్రతి ఏడూ తిరుపాల్ ఆ షట్టర్ వెనక కూర్చున్నాడు. రోడ్డుకు ఈ పక్క తాను తల వంచుకుని ఎవరిదో ఫోను విప్పుతూ ఉన్నాడు. శివకృష్ణ తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.

ప్రమోద ఇవ్వలేదు. పిడికిలి మళ్ళీ మూసింది.

"ఆస్పత్రిలో చెప్పినాడన్నా, మాట పోకముందు," అంది. "'శివ వస్తాడు. కొట్లాడుకుంటా వస్తే బీగంచెవి ఇయ్యి. ఏడ్చుకుంటా వస్తే మాత్రం ఇయ్యొద్దు, వాడు లోపలికి పోతే తట్టుకోలేడు, మామ చేతికిచ్చి ఆ గదిలో ఉండేదంతా కాల్చేయమను' అనె."

ఆమె అతని మొహం కేసి చూసింది. నొసటి మీద మన్ను, చెంపల మీద నీళ్ళు, అరిచి అరిచి ఎండిపోయిన పెదవులు.

"నువ్వు రెండూ చేస్తివి గదన్నా," అంది ప్రమోద. "ఇప్పుడు నేనేం చెయ్యాల?"